పండ్రెండేండ్లు వైద్యులయొద్ద తిరిగిన స్త్రీ

(వైద్యులమీద నమ్మకము సడలినవారి కొరకు ఒక పాఠము)

పఠన భాగము: మార్కు 5:21-43
తోడు వాక్యములు: 2 దినవృత్తాంతములు 16:7-12, 2 రాజులు 20:1-7, యోబు 2:11-13, 13:4-5, యోహాను 5:1-9, కొలొస్సయులకు 4:14



రక్తస్రావ రోగముగల స్త్రీ చరిత్ర మనకు క్రొత్తది కాదు. ప్రభువు వస్త్రమును ఆమె ముట్టిన సంగతిపై మనము అనేక ప్రసంగములు వినియున్నాము. అయితే ఆమె జనసమూహములో ప్రవేశింపక పూర్వము గడచిన పండ్రెండు సంవత్సరములనుగూర్చి తలంచువారు తక్కువ. మార్కు సువార్తికుడు ఆ సంవత్సరములను 26వ వచనములో ఇమిడ్చి చెప్పెను. ఆ ఒక్క వచనమును చదివి, ఊపిరి తీసికొనకుండ తరువాతి వచనమునకు పోవుట మనకు అలవాటు. ఈ మాసము ఆ వచనమునొద్దనే కొంత నిలిచెదము. ఏలయనగా మన సంఘములలో అనేకులు నేడు ఆ వచనములోనే జీవించుచున్నారు.

1. లేఖనము ఆమె గోడును దాచలేదు

ఆ వచనములో నాలుగు సంగతులున్నవి. ఆమె ఒకరియొద్దకు కాదు, అనేక వైద్యులయొద్దకు పోయెను. వారిచేత మేలు పొందుటకు బదులు మిక్కిలి శ్రమపడెను. తనకున్నదంతయు వ్యయపరచెను. కడకు వ్యాధి తగ్గకపోగా మరింత హెచ్చెను.

ఇది చేతకానిదాని సణుగుడు కాదు. పరిశుద్ధ గ్రంథము సాక్ష్యముగా వ్రాసియుంచిన మాట. "ఆమె ఓర్చుకొనలేక వైద్యులను నిందించుచున్నది" అని మార్కు ఆమెను తప్పుపట్టలేదు. జరిగినది జరిగినట్లే చెప్పెను. గనుక వైద్యునిచేత నిజముగా నష్టపోయినవారు తమ నష్టమును చెప్పుకొనుట అవిశ్వాసము కాదు, పాపమును కాదు.

వైద్యుడైన లూకా ఇదే చరిత్రను వ్రాయుచు, ఎవనిచేతను ఆమె స్వస్థత పొందలేకపోయెనని క్లుప్తముగా చెప్పెను (లూకా 8:43). తన వృత్తివారి పరువు కాపాడుటకే అట్లు వ్రాసెనని కొందరు చమత్కరింతురు. అయితే వైద్యులకొరకు ఆస్తి యంతయు వ్యయము చేసినదను మాట లూకా సువార్తయొక్క కొన్ని ప్రాచీన ప్రతులలో కూడ కనబడుచున్నది. గనుక ఆ చమత్కారముమీద మనము ఏమియు కట్టరాదు. మనకు కావలసినది ఇంతమాత్రమే: వైద్యుల అసమర్థతను వ్రాసిన అదే క్రొత్త నిబంధన, ప్రియుడైన వైద్యుడని లూకాను పిలుచుటకు సిగ్గుపడలేదు (కొలొస్స. 4:14). ఈ రెండు మాటలను కలిపి పట్టుకొనుటయే నేటి పాఠము.

ఆమె బాధ దేహముతో ఆగలేదు. లేవీయకాండము 15వ అధ్యాయము 25-27 వచనముల ప్రకారము ఆమె ఉన్నన్ని దినములు అపవిత్రురాలు. ఆమె పరుపును ముట్టినవారు సాయంకాలమువరకు అపవిత్రులు. ఇట్లు రోగము ఆమె రక్తమును, వైద్యము ఆమె ధనమును, ధర్మవిధి ఆమె సహవాసమును తీసికొనెను.

2. మన కాలపు గోడు

నేడు మన పట్టణములలో ఒక సామాన్య కుటుంబము వైద్యునియొద్దకు పోవు విధమును చూడుడి. తెల్లవారుజామున పల్లెనుండి బస్సెక్కవలెను. ఓ.పి. చీటీకి వరుసలో నిలువవలెను. టోకెను పుచ్చుకొని మధ్యాహ్నమువరకు బల్లమీద కూర్చుండవలెను. మన పేరు పిలిచి లోపలికి పంపిన పిమ్మట, మనము నోరు తెరచి రెండు మాటలు చెప్పునంతలో పరీక్షల చీటీ చేతికి వచ్చును. రక్తపరీక్ష ఒకచోట, స్కానింగు మరియొకచోట. ఫలితములు తెచ్చునప్పటికి పెద్ద డాక్టరుగారు వెళ్లిపోయి యుందురు. మరుదినము మరల బస్సు, మరల వరుస. తుదకు మందుల చీటీ దొరకును గాని, "నాకు వచ్చిన జబ్బేమి?" అను ప్రశ్నకు జవాబు దొరకదు.

ఇది ఒకరిద్దరి ఊహ కాదు. 2017లో ప్రచురింపబడిన ఒక పరిశోధన 67 దేశముల లెక్కలను సమకూర్చినది. ప్రాథమిక వైద్యుడు ఒక్కొక్క రోగితో గడపు కాలము స్వీడను దేశములో సగటున 22 నిమిషములకు పైగా ఉండగా, మన దేశములో రమారమి 2 నిమిషములు, బంగ్లాదేశములో 48 సెకండ్లు అని అందులో తేలినది. రెండు నిమిషములలో పండ్రెండేండ్ల బాధను ఎవరు చెప్పగలరు? ఎవరు వినగలరు?

దీనికంటె లోతైన గాయము మరియొకటి కలదు. అది ఈ స్త్రీ రోగమునకు దగ్గర చుట్టము గనుక మరుగుచేయక చెప్పుచున్నాము. 2015-16 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు దేశమంతటిలో నూటికి సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు తొమ్మండుగురు, తెలంగాణలో సుమారు ఎనమండుగురు. 2019-21 సర్వేలోను మన రాష్ట్రములు ముందు వరుసలోనే ఉన్నవి. ఈ ఆపరేషన్లలో అధిక భాగము ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవే. అనేకులకు నలుబది ఏండ్లు నిండకమునుపే జరిగినవి.

గర్భసంచి తీయవలసిన సందర్భములు లేకపోలేదు. క్యాన్సరు సోకినప్పుడు, పెద్ద గడ్డలున్నప్పుడు, ఏ మందుకును లొంగని రక్తస్రావములో అది ప్రాణమును కాపాడు చికిత్స. కాని తెల్లబట్టకు, నడుమునొప్పికి, మాత్రలతో తగ్గగల రక్తస్రావమునకు సయితము, "సంచి ఉంచినచో క్యాన్సరు వచ్చును" అని భయపెట్టి తీసివేసిన సంగతులు మన జిల్లాలలో అనేకము బయటపడినవి. పొలము కుదువపెట్టి ఆ ఆపరేషను చేయించుకొన్నవారున్నారు. గర్భసంచితో పాటు అండాశయములను కూడ తీసివేసినప్పుడు చిన్న వయస్సులోనే ముట్లుడుగును, ఎముకలు బలహీనపడును. అట్టి సహోదరీ మార్కు 5:26 చదివినప్పుడు, అది తన స్వంత చరిత్రయే అనుకొనదా? ఈ సంగతి సుప్రీంకోర్టువరకు పోయెను. అనవసరపు ఆపరేషన్లను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన సూచనలను రాష్ట్రములన్నియు అమలుచేయవలెనని 2023లో ఆ న్యాయస్థానము ఆజ్ఞాపించెను.

గనుక నమ్మకము సడలినవారిని చూచి, "అట్లు మాటలాడకూడదమ్మా" అని నోరు మూయించుట ప్రేమ కాదు. మొదట వినవలెను.

3. నమ్మకము పోయినచోట మూడు తప్పుదారులు

గాయపడినవాని కోపము న్యాయమైనదే కావచ్చును. కాని ఆ కోపము చూపు దారి ఎల్లప్పుడు మంచిది కాదు. మన సంఘములలో మూడు తప్పుదారులు కనబడుచున్నవి.

మొదటిది, మందు మానివేయుట. "డాక్టర్లందరు డబ్బు మనుషులే" అని ఒకడు బి.పి. మాత్ర మానివేయును. రక్తపోటు నొప్పి చూపదు గనుక, కొంతకాలము తన నిర్ణయము మంచిదే అనుకొనును. ఒక ఉదయమున పక్షవాతము వచ్చిన పిమ్మట గాని తెలియదు. క్షయరోగియైతే రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందు చాలించును. సామాన్యమైన క్షయకు కనీసము ఆరు నెలలు మందు వాడవలెను. నడుమ మానినచో రోగము మందులకు లొంగనిదిగా మారి, ఇంటివారికి కూడ అంటుకొనును. రొమ్ములో గడ్డ కనబడిన సహోదరి భయముచేతను విసుగుచేతను సంవత్సరము దాచినచో, చిన్న ఆపరేషనుతో పోవలసినది ప్రాణాపాయమగును. డాక్టరుమీద కోపము మన దేహముమీద తీర్చుకొనరాదు.

రెండవది, చదువులేని వైద్యునియొద్దకు పోవుట. అతడు మన వీధివాడు, మనలను పేరు పెట్టి పిలుచును, అప్పు పెట్టును, అర్ధరాత్రి తలుపు కొట్టినను లేచును. పెద్ద ఆసుపత్రిలో దొరకని ఆదరణ అతనియొద్ద దొరకును. ఈ మాట నిజము. పెద్ద ఆసుపత్రులు దీనినిబట్టి సిగ్గుపడవలెను. కాని ఆదరణ వేరు, విద్య వేరు. ప్రతి జ్వరమునకు సెలైను, ప్రతి నొప్పికి స్టెరాయిడు సూది పొడిచినచో, ఆ సాయంకాలమునకు హాయి, కొంతకాలమునకు హాని.

మూడవది భక్తి వేషములో వచ్చును. "నాకు యేసే వైద్యుడు, మనుష్య వైద్యుడు అక్కరలేదు" అని కొందరు మందులు పారవేయుదురు. కొన్ని కూటములలో దీనినే విశ్వాసమని మెచ్చుకొనుచున్నారు. షుగరు వ్యాధిగల బిడ్డకు ఇన్సులిన్ మాన్పించి పోగొట్టుకొన్న తలిదండ్రుల దుఃఖము ఎవరు తీర్చగలరు? ఈ దారిలో నడచువారు తరచుగా ఆసా రాజును సాక్ష్యముగా తెచ్చెదరు గనుక అతని సంగతి కొంత వివరముగా చూడవలెను.

4. ఆసా చేసిన తప్పేమి?

యూదా రాజైన ఆసా తన యేలుబడి 39వ సంవత్సరమున పాదములలో జబ్బుపడెను. జబ్బు బహు తీవ్రమైనను యెహోవాను విచారింపక వైద్యులను పట్టుకొనెను (2 దిన. 16:12). ఈ వచనము మాత్రమే చదివినవారు, వైద్యులయొద్దకు పోవుట పాపమని తేల్చెదరు.

అధ్యాయమును మొదటినుండి చదువుడి. ఇశ్రాయేలు రాజు తనమీదికి వచ్చినప్పుడు ఆసా దేవుని మందిరపు వెండి బంగారములను తీసి సిరియా రాజునకు పంపి, అతని సహాయము కొనెను. హనానీ అను దీర్ఘదర్శి దీనిని గద్దింపగా అతనిని చెరసాలలో వేయించెను. జనులలో కొందరిని బాధపెట్టెను. అనగా పాదములు చెడకముందే హృదయము చెడియుండెను. యుద్ధములో సిరియా రాజును ఎట్లు పట్టుకొనెనో, రోగములో వైద్యులను అట్లే పట్టుకొనెను. పాపము వైద్యుని పిలుచుటలో లేదు, దేవుని విడుచుటలో ఉన్నది.

దీనికి ఎదుట హిజ్కియాను నిలిపి చూడుడి. అతడు మరణకరమైన రోగములో గోడతట్టు తిరిగి ప్రార్థించెను. దేవుడు ప్రార్థన ఆలకించి 15 సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెను. అయినను అంజూరపు పండ్ల ముద్దను పుండుమీద వేయవలెనని యెషయా చెప్పెను, వేసిరి, రాజు బాగుపడెను (2 రాజులు 20:1-7). వాగ్దానము ఇచ్చిన దేవుడే ముద్దను కూడ వాడెను. మందు వేసికొనుట వాగ్దానమును శంకించుట కాదు. పౌలు తిమోతి కడుపు జబ్బునకు వాడదగిన దానిని సూచించెను (1 తిమోతి 5:23). రోగియైన త్రోఫిమును మిలేతులో విడిచి రావలసి వచ్చెనని దాచక వ్రాసెను (2 తిమోతి 4:20). మరణము సమీపించినప్పుడు ఆయన ప్రక్కన మిగిలినవాడు ఎవరు? లూకా, వైద్యుడు (2 తిమోతి 4:11).

5. ప్రభువు నిలిచి వినెను

ఇప్పుడు మన పాఠ్యభాగపు హృదయమునకు వచ్చుచున్నాము. ఆ దినమున ప్రభువు తీరికగా లేడు. సమాజమందిరపు అధికారి యాయీరు కుమార్తె చావ సిద్ధముగా ఉన్నది. ఆయన ఆ యింటికి పోవుచున్నాడు. జనులు ఆయనమీద పడుచున్నారు. అట్టి వేళ స్త్రీ వెనుకనుండి వచ్చి ముట్టెను, వెంటనే బాగుపడెను. రోగము పోయినది గదా, ప్రభువు ముందుకు సాగిపోవచ్చును. మన లెక్క ప్రకారము పని అయిపోయినది.

ప్రభువు అట్లు చేయలేదు. నిలిచి, తన్ను ముట్టినది ఎవరని అడిగెను. ఇంత సమూహములో ఇదేమి ప్రశ్న అని శిష్యులు తొందరపడినను, ఆయన చుట్టు చూచుచునే యుండెను. అప్పుడు ఆమె వణకుచు వచ్చి సాగిలపడి తన నిజమంతయు చెప్పెను (33వ వచనము). "అంతయు" అను మాటను గుర్తించుడి. పండ్రెండేండ్ల కథ అది. వైద్యుల పేర్లు, అమ్మిన నగలు, ఇరుగుపొరుగువారి మాటలు, ఎన్ని ఉండవలెను! ఆయన తొందరపెట్టలేదు. విని, కుమారీ అని పిలిచెను. సువార్తలలో ప్రభువు ఈ పేరుతో నేరుగా పిలిచిన స్త్రీ ఈమె ఒక్కతెయే. అపవిత్రురాలని పండ్రెండేండ్లు తొలగియుండినది జనులందరి యెదుట కుమార్తె ఆయెను.

రోగము మానుట ఆమెకు వస్త్రము ముట్టినప్పుడే దొరకెను. సమాధానము చెప్పుకొనినప్పుడు దొరకెను. ఈ రెంటి భేదమును నేటి వైద్యము మరచినది. అందుచేతనే మందు పనిచేసినప్పుడు కూడ రోగులు దిగులుతోనే ఇంటికి పోవుచున్నారు.

అయితే ఈ చరిత్రలో వేచియున్నవాడు ఒకడున్నాడు. అతడు యాయీరు. అతని బిడ్డకు 12 ఏండ్లు. ఈ స్త్రీ రోగము ఎంత కాలమో ఆ బిడ్డ వయస్సు అంతయే. అతడు ముందుగా వచ్చెను. అతనిది ఆలస్యము సహింపని అవసరము. నడుమ మరియొక రోగి వచ్చినది, ప్రభువు ఆమెతో మాటలాడుచుండగనే బిడ్డ చనిపోయెనను వార్త వచ్చెను. ఆసుపత్రి వరండాలో తన బిడ్డను ఒడిలో పెట్టుకొని, లోపల ఇతరులతో సాగుచున్న మాటలను వినుచు కూర్చున్న ప్రతి తండ్రియు యాయీరు హృదయమును ఎరుగును. ప్రభువు అతనిని మరువలేదు. భయపడవద్దు, నమ్మిక మాత్రముంచుమని ధైర్యము చెప్పి అతనితోనే నడిచెను. బిడ్డను లేపిన పిమ్మట ఆమెకు తినుటకు ఏమైన పెట్టుడని చెప్పి పంపెను. మహాద్భుతము చేసినవాడు బిడ్డ ఆకలిని జ్ఞాపకముంచుకొనెను.

అట్లని ప్రతి యాయీరు బిడ్డయు ఈ లోకములో లేచునని మనము చెప్పజాలము. మన సమాధుల తోటలు దానికి సాక్ష్యము. కాని వేచియున్నవారిని ప్రభువు మరచినాడని మాత్రము ఎన్నటికిని చెప్పరాదు.

6. పనికిమాలిన వైద్యులెవరు?

యోబు తన స్నేహితులను పనికిమాలిన వైద్యులని పిలిచెను (యోబు 13:4). వారు వైద్యవృత్తివారు కారు. మరి ఆ పేరు ఎందుకు పెట్టెను? వారు వచ్చిన మొదటి ఏడు దినములు నేలను కూర్చుండి మాటలాడక అతని దుఃఖమును చూచిరి. అంతవరకు వారు మంచి వైద్యులే. నోరు తెరచిన పిమ్మట వారి తప్పు బయటపడెను. రోగిని వినకముందే రోగమేమో తేల్చుకొనియుండిరి: "నీవు పాపము చేసితివి." యోబు ఏమి చెప్పినను వారి చీటీ మారలేదు. వినకముందు ఉత్తరమిచ్చుట మూఢతయు సిగ్గుమాలినతనమునై యున్నదని సామెతల గ్రంథము బోధించుచున్నది (18:13).

ఈ సామెత నేటి పరీక్షకు కూడ నిలిచినది. 1984లో అమెరికాలో వైద్యుల గదులలోని సంభాషణలను పరిశీలించినవారు, రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డుతగులుచున్నాడని కనుగొనిరి. నూటికి 23 సందర్భములలో మాత్రమే రోగి తన మాట పూర్తిచేయగలిగెను. మరి అడ్డుతగులక విన్నచో గంటలు పట్టునా? 2002లో ప్రచురింపబడిన ఒక స్విట్జర్లాండు పరిశోధనలో 335 మంది రోగులను ఆపక మాటలాడనిచ్చిరి. వారికి పట్టిన కాలము సగటున 92 సెకండ్లు. నూటికి 78 మంది రెండు నిమిషములలోపుగనే ముగించిరి. నిమిషమున్నరకు మించని మౌనమును మన రోగులు కోరుచున్నారు!

మన సంఘములలో వైద్యులు, నర్సులు, లేబరేటరీ పనివారు, మందుల షాపువారు ఉన్నారు. వారితో ఒక మాట. మీ తలుపునొద్ద వంద మంది నిలిచియున్నారని ఎరుగుదుము. మీ అలసట దేవునికి తెలియును. కాని గదిలోనికి వచ్చిన ఒక్కొక్కరి నిజమంతయు వినుటకు నిమిషమున్నర ఇయ్యుడి. రోగము పేరు తెలుగులో చెప్పుడి. అక్కరలేని పరీక్ష వ్రాయుమని యజమానుడు ఒత్తిడిచేసినప్పుడు, మీరు ఎవరి సేవకులో జ్ఞాపకము చేసికొనుడి.

తెలుగు నేలమీద వైద్యులపట్ల నమ్మకము ఒక్క దినమున పుట్టలేదు. డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారు 1883లో గుంటూరు వచ్చునప్పటికి, వారిని పంపిన లూథరన్ మిషను వైద్యపనిని ఇంకను చేపట్టలేదు. స్త్రీలమధ్య బోధపని చేయుటకు వచ్చిన ఆమె, పురుష వైద్యునికి చూపనొల్లని స్త్రీల బాధలను చూచి ఇండ్లకు పోయి వైద్యము చేయసాగెను. గుంటూరు ఆసుపత్రి తలుపులు తెరువబడినది 1898లో. మధ్యనున్న పదునైదేండ్లలో గడపగడపకు నడిచి ఆమె నమ్మకమును సంపాదించెను. 1930లో చనిపోవువరకు ఆ ప్రజలను విడువలేదు. అట్లు కట్టబడిన నమ్మకమును మనము దురాశతోను తొందరతోను కూల్చరాదు.

7. నమ్మకమును దాని స్థానములో ఉంచుడి

మన బాధలో సగము, దేవునికి ఇయ్యవలసిన నమ్మకమును వైద్యునికి ఇచ్చుటవలన కలుగుచున్నది. "డాక్టరుగారు దేవుడు" అని మనవారు అందురు. దేవుడని ఎక్కించినవానిని, చికిత్స ఫలింపని దినమున దయ్యమని దించుదురు. ఆసుపత్రి అద్దములు పగులగొట్టుట, వైద్యులపై చేయిచేసికొనుట ఈ రెండు అతిశయముల సంతానమే. విశ్వాసి అట్టి గుంపులో చేరరాదు.

వైద్యుడు దేవుడు కాడు, దయ్యమును కాడు. చదువుకొనిన మనుష్యుడు. అతని విద్యను గౌరవింపవలెను, అతని మాటను పరీక్షింపవలెను. సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుట విశ్వాసికి తగినదని పౌలు నేర్పెను (1 థెస్స. 5:21). ఆలోచన చెప్పువారు అనేకులున్నప్పుడు తలంపులు స్థిరపడునని జ్ఞాని చెప్పెను (సామెతలు 15:22). కాబట్టి రెండవ వైద్యుని అభిప్రాయము అడుగుట మొదటివానిని అవమానించుట కాదు, అది లేఖనము మెచ్చిన జాగ్రత్త.

8. ఆచరణకు కొన్ని మాటలు

(1) ఒంటరిగా పోవద్దు. బేతెస్ద కోనేటియొద్ద పడియుండిన, 38 ఏండ్ల వ్యాధిగలవాని మొర ఏమి? తన్ను కోనేటిలో దించుటకు మనుష్యుడు లేడు, తాను కదలునంతలో మరియొకడు ముందు దిగుచున్నాడు. ఇది నేటి ఆసుపత్రి వరుసలో నిలిచిన వృద్ధుల మొర. కపెర్నహూములో పక్షవాయువుగలవానికి మాత్రము నలుగురు మోయువారు దొరికిరి (మార్కు 2:3). చదువు వచ్చిన యౌవనస్థులు ప్రతి సంఘములోను ఉన్నారు. వారిలో ఇద్దరు వారమునకు ఒక దినము పెద్దలకు తోడుగా ఆసుపత్రికి పోవుదురు గాక. అది కూడ పరిచర్యయే.

(2) వ్రాసికొని పోవుడి. బాధ ఎప్పుడు మొదలాయెను, ఎప్పుడు హెచ్చును, ఏ మందులు వాడుచున్నారు, ఏ మందు పడదు, ఇవి ఒక కాగితముమీద ఉండవలెను. రెండు నిమిషములే దొరికినచో అవి వ్యర్థము కావు.

(3) ఆపరేషను అన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడి. నా జబ్బు పేరేమి? ఆపరేషను గాక వేరు చికిత్స ఉన్నదా? కొంతకాలము ఆగినచో ఏమగును? చేయించుకొనిన పిమ్మట వచ్చు నష్టములేమి? రక్తస్రావమునకు మాత్రలు కలవు, గర్భసంచిలోపల అమర్చు హార్మోను సాధనము కలదు, గడ్డను మాత్రమే తీయు పద్ధతియు కలదు. ప్రాణాపాయము లేనప్పుడు ఆ దినమే సంతకము చేయవద్దు. ఇంటికి వచ్చి, ప్రార్థించి, ప్రభుత్వ ఆసుపత్రిలోనైనను మరియొక వైద్యురాలికి చూపుడి. అయితే ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినచో ఒక్క వారమైనను ఆలస్యము చేయరాదు. అది క్యాన్సరు గురుతు కావచ్చును.

(4) కాగితములు భద్రపరచుడి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు తమ రికార్డులు అడిగినచో 72 గంటలలో ఇయ్యవలెనని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెప్పుచున్నది. మనలో అనేకులు ఈ సంగతి ఎరుగరు.

(5) నిజమైన అన్యాయము జరిగినచో న్యాయమార్గమున అడుగుడి. రుసుము పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. రాష్ట్ర వైద్య మండలికి కూడ ఫిర్యాదు చేయవచ్చును. పౌలు తన రోమా పౌరసత్వమును చెప్పుకొనుటకు వెనుదీయలేదు (అపొ. కార్యములు 22:25).

(6) నొప్పి తగ్గినదని గాని, డాక్టరుమీద కోపము వచ్చినదని గాని, మందు మానవద్దు. వైద్యుని మార్చుకొనవచ్చును. వైద్యమును విడువరాదు.

ముగింపు

ఆ స్త్రీ పండ్రెండేండ్లు మోసపోయినను, ఇక ఎవరియొద్దకును పోనని ఇంటిలో తలుపు వేసికొనలేదు. అనేకులచేత విఫలమైన ఆమె చేయి ఇంకొకసారి చాపబడెను. గాయపడిన నమ్మకము చచ్చిన నమ్మకము కాదు. ప్రభువు ఆ వణకుచున్న చేతిని తెలిసికొనెను. వైద్యునియొద్దకు పోవు దారిలోను, వరుసలో నిలిచిన గంటలోను, ఫలితము చేతికి వచ్చిన నిమిషములోను, మన నిజమంతయు వినువాడు మనతోకూడ ఉన్నాడు. ఆయనకు చెప్పుకొనిన పిమ్మట మనుష్యుని యెదుట మాటలాడుటకు ధైర్యము కలుగును.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. మార్కు 5:26లో చెప్పబడిన నాలుగు నష్టములలో మన గ్రామస్థులు ఎక్కువగా పొందుచున్నది ఏది?
2. ఆసా, హిజ్కియా అను ఇద్దరు రాజులు రోగములో నడచుకొనిన విధములలో భేదమేమి?
3. ప్రభువు నిలిచి వినుచుండగా యాయీరు ఏమి నేర్చుకొనియుండును?
4. మన సంఘములో ఒంటరిగా ఆసుపత్రికి పోవుచున్నవారు ఎవరు? ఈ వారము వారితో పోవువారు ఎవరు?

ప్రార్థన

ప్రభువా, నీవు జనసమూహములో ఒక స్త్రీకొరకు నిలిచితివి. వైద్యులచేత గాయపడినవారి మొర ఆలకించుము. కోపముచేత మందు విడిచినవారిని మరల త్రిప్పుము. వైద్యులకు వినుచెవిని, న్యాయమైన చేతులను దయచేయుము. వేచియున్నవారితో నీవును వేచియుండుము. మా సంఘమునకు మోయు భుజములను ఇమ్ము. ఆమేన్.